ఎలక్ట్రాన్ ఎవరికి బాకీ పడింది?

హైస్కూల్ ఫిజిక్స్‌లో ఋణావేశం (నెగటివ్ ఛార్జ్) అనే మాట మొదటిసారి చెవిన పడగానే తెలుగు పిల్లల బుర్రలో వాళ్ళకి తెలీకుండానే ఒక బొమ్మ పడిపోతుంది. ఋణం అంటే అప్పు, అది చిన్నప్పట్నుంచీ ఇంట్లో వింటున్న మాటే, పంట ఋణం, ఋణమాఫీ, బ్యాంకు ఋణం అని పేపర్ నిండా అదే. ధనం అంటే డబ్బు. సో ధనావేశం ఉన్నదాని దగ్గర ఏదో ఉంది, ఋణావేశం ఉన్నదాని దగ్గర ఏదో తక్కువైంది అనుకుంటారు. తీరా రెండు పేజీలు తిప్పేసరికి టీచర్ చెప్పేది దానికి పూర్తిగా రివర్స్‌లో ఉంటుంది: ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే వస్తువుకి ఋణావేశం, ఎలక్ట్రాన్లు పోతే ధనావేశం. అంటే సంపాదిస్తే అప్పు, పోగొట్టుకుంటే ఆస్తి! చాలామంది ఇక్కడ ఆగి అడగాలనుకుంటారు, అడగరు, పరీక్షకి బట్టీ పట్టేసి ముందుకెళ్ళిపోతారు. ఇంజనీరింగ్ అయిపోయాక కూడా ఆ ముడి అలాగే ఉండిపోతుంది.

ఇది తెలుగు మాటలు తయారు చేసినవాళ్ళ పొరపాటేం కాదు. అసలు మాట పుట్టినప్పుడే దానికి అప్పు అన్న అర్థం ఉంది, 1747లో ఫిలడెల్ఫియాలో.

అంతకుముందు సంగతి ఇంకోలా ఉండేది. 1733లో పారిస్‌లో డ్యు ఫే అనే ఆయన, రుద్దిన వస్తువులన్నీ రెండు గుంపులుగా విడిపోతున్నాయని కనిపెట్టాడు. గాజుని రుద్దితే ఒక రకం, గుగ్గిలం లాంటి జిగురు పదార్థాల్నీ సీమగుగ్గిలాన్నీ రుద్దితే ఇంకో రకం. ఒకే రకానివి దూరంగా నెట్టుకుంటాయి, వేరు రకాలు దగ్గరికి లాక్కుంటాయి. ఆయన వాటికి గాజు విద్యుత్తు, గుగ్గిలం విద్యుత్తు అని పేర్లు పెట్టి వదిలేశాడు. నిజం చెప్పాలంటే ఈ పేర్లలో ఎవరికీ తక్కువా లేదు, ఎక్కువా లేదు, ఉప్పు కారం అన్నట్టు రెండు వేర్వేరు రుచులంతే.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీన్ని మార్చేశాడు. ఆయన చేసిన ప్రయోగం చాలా సింపుల్. ఇద్దరు మనుషుల్ని మైనం దిమ్మల మీద నిలబెట్టాడు, అంటే వాళ్ళకి నేలతో సంబంధం లేదు. ఒకడు గాజు గొట్టాన్ని రుద్దుతాడు, రెండోవాడు ఆ గొట్టం దగ్గర వేలు పెట్టి రవ్వ అందుకుంటాడు. ఇప్పుడు నేలమీద నిలబడ్డ మూడో మనిషి వీళ్ళిద్దర్లో ఎవర్ని ముట్టుకోబోయినా చిటుక్కుమని రవ్వ వస్తుంది. కానీ ఆ ఇద్దరూ ఒకర్నొకరు ముట్టుకుంటే అంతకంటే గట్టి రవ్వ వస్తుంది, ఆ తర్వాత ఇద్దర్లోనూ ఏమీ మిగలదు. ఫ్రాంక్లిన్ దీన్నుంచి తీసిన లెక్క ఏంటంటే, విద్యుత్తు ఒకటే పదార్థం, అందరి దగ్గరా మామూలుగా సమానంగా ఉంటుంది, రుద్దినవాడు తన దగ్గరున్నది కొంత గొట్టానికి ఇచ్చేశాడు కాబట్టి వాడికి లోటు, అందుకున్నవాడికి మిగులు. లోటుకి మైనస్, మిగులుకి ప్లస్. ఆయన ప్రింటింగ్ ప్రెస్ నడిపిన మనిషి, జమాఖర్చులు చూసినవాడు, అందుకే ఖాతా పుస్తకంలాగే ఆలోచించాడు అనిపిస్తుంది.

మన దగ్గర ఈ మాటలకి ఇంకా వెనకటి వేర్లున్నాయి. 628లో బ్రహ్మగుప్తుడు ధన సంఖ్యలకీ ఋణ సంఖ్యలకీ కూడికలు గుణకారాల నియమాలు రాసినప్పుడు వాడిన మాటలు ఇవే, ధనం, ఋణం. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అని ఆయనే చెప్పాడు. సో ఆవేశానికి ధన, ఋణ అని పేరు పెట్టిన తెలుగువాళ్ళు అటు గణితానికీ ఇటు ఫ్రాంక్లిన్ మనసులో ఉన్న అర్థానికీ రెంటికీ సరిపోయే మాటే పట్టుకున్నారు. ఇబ్బందల్లా తర్వాత ఆ అర్థమే నిలబడకపోవడం.

1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ గాలి తీసేసిన గాజు గొట్టాల్లో కాథోడ్ కిరణాల మీద పనిచేస్తూ, అవి ఋణావేశం ఉన్న అతిచిన్న కణాలని తేల్చాడు, అవే ఎలక్ట్రాన్లు. బరువు హైడ్రోజన్ పరమాణువులో దాదాపు 1837వ వంతు (ఇది ఇప్పటి లెక్క). గాజుని పట్టుగుడ్డతో రుద్దినప్పుడు కదిలేవి ఈ కణాలే, అవి గాజులోంచి పట్టుగుడ్డలోకి వెళ్తాయి. అంటే ఫ్రాంక్లిన్ మిగులు అనుకున్న గాజు దగ్గర నిజానికి ఎలక్ట్రాన్ల లోటు ఉంది, లోటు అనుకున్న చోట మిగులుంది. ఋణావేశం వచ్చిన వస్తువు బరువు కూడా పిసరంత పెరుగుతుంది, ఒక కూలుంబ్ (ఆవేశాన్ని కొలిచే యూనిట్) ఆవేశానికి చేరే ఎలక్ట్రాన్ల బరువు గ్రాములో పది కోట్లో వంతు కూడా ఉండదనుకోండి, మామూలు త్రాసేదీ పట్టలేదు, కానీ పెరగడం మాత్రం నిజం. అప్పు చేస్తే బరువు పెరిగినట్టు!

దీన్ని ఫ్రాంక్లిన్ చేసిన తప్పు అని, ఆయన వల్లే ఎలక్ట్రానిక్స్ స్టూడెంట్లందరూ కరెంటు బాణం గుర్తు ఎలక్ట్రాన్లు నడిచే వైపుకి తలకిందులుగా గీయాల్సొస్తోందని చెప్తుంటారు. ఈ మాట సగమే నిజం. ఆయన ఊహ తప్పు, పేరు మాత్రం తప్పు కాదు, ఎందుకంటే పేరు తప్పయ్యే అవకాశమే లేదు. ఆరోజు గుగ్గిలం వైపుకి ప్లస్ పెట్టి ఉంటే ఈరోజు ఎలక్ట్రాన్ ప్లస్ అయ్యేది, ప్రోటాన్ మైనస్ అయ్యేది, బల్బు ఇంతే వెలుగిచ్చేది, ఫ్యాను ఇలాగే తిరిగేది, ఒక్క సమీకరణం కూడా మారేది కాదు. మరి పేరు ఇంత ఉత్తదైతే గాజు, గుగ్గిలం అని పాత పేర్లే ఉంచేస్తే సరిపోయేది కదా అనొచ్చు. సరిపోదు. అసలు విషయం అంతా అక్కడే ఉంది.

మైనస్ అనే గుర్తు ఒక ఆవేశం గురించి విడిగా చెప్పేది ఏమీ లేదు, రెండు ఆవేశాలు కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్తుంది. గాజు రకం అయిదు పాళ్ళు, గుగ్గిలం రకం అయిదు పాళ్ళు ఒకచోట చేరిస్తే పది పాళ్ళ విద్యుత్తు రాదు, సున్నా వస్తుంది. రుచుల్లో ఇలా జరగదు, ఉప్పులో కారం కలిపితే రెండూ మాయమైపోవు. ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకునే జంటకి గణితంలో ఉన్న భాష ప్లస్ మైనస్ ఒక్కటే. ఫ్రాంక్లిన్ ఊహలో లోటు మిగులు కథ కొట్టుకుపోయినా ఆ జమాఖర్చు మాత్రం చెక్కు చెదరలేదు: మొత్తం ఆవేశం పుట్టదు, చావదు, ఒకచోట ఎంత తగ్గితే ఇంకోచోట అంతే పెరుగుతుంది. ఇప్పటిదాకా ఏ ల్యాబ్‌లోనూ దీనికి భంగం కనపడలేదు.

రెండోది బలం. రెండు ఆవేశాల మధ్య బలం ఎంతో చెప్పే కూలుంబ్ సూత్రంలో ఆ రెండు ఆవేశాల్ని గుణించాలి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, ప్లస్ ఇంటూ ప్లస్ కూడా ప్లస్, రెంటికీ జవాబు ఒకటే, నెట్టుకోవడం. మైనస్ ఇంటూ ప్లస్ మైనస్, అంటే లాక్కోవడం. డ్యు ఫే రెండు వాక్యాల్లో చెప్పింది ఇక్కడ ఒక్క గుణకారంలో సర్దుకుంది. మూడోది దిశ, ధనావేశం నుంచి విద్యుత్ క్షేత్రం బయటికి పోతున్నట్టూ ఋణావేశం వైపు లోపలికి వస్తున్నట్టూ గీస్తాం, ఇది కూడా ఒప్పందమే, కానీ ఒకసారి ఒప్పుకున్నాక ప్రతిచోటా అదే పాటించాలి.

కొట్టేసుకోవడం అన్నది ఎంత పెద్ద విషయమో అంకెల్లో చూస్తే గానీ బుర్రకెక్కదు. 60 కేజీల మనిషి ఒంట్లో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిపితే ఆవేశం సుమారు 300 కోట్ల కూలుంబులు. ఒక్కో కూలుంబ్ ఉన్న రెండు వస్తువుల్ని ఒక మీటర్ దూరంలో పెడితేనే వాటి మధ్య బలం 9 లక్షల టన్నుల బరువుతో సమానం, మరి 300 కోట్లంటే ఊహకే అందదు. అయినా ఇద్దరు మనుషులు పక్కపక్కన సిటీ బస్సులో ప్రశాంతంగా కూర్చుంటున్నారంటే కారణం, అంతే ఆవేశం ప్రోటాన్లలో ప్లస్‌గా ఉండి లెక్క సరిచేస్తోంది. ఎంత సరిగ్గా అంటే ఎలక్ట్రాన్ ఆవేశానికీ ప్రోటాన్ ఆవేశానికీ ఏమైనా తేడా ఉంటే అది ఒకటి పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే అంకెలో ఒక వంతు కంటే తక్కువే అని ప్రయోగాల్లో తేలింది. ప్రోటాన్ లోపల మళ్ళీ క్వార్కులనే ఇంకా చిన్న కణాలు మూడున్నాయి, అందులో ఒకదానికి మైనస్ మూడో వంతు ఆవేశం, మిగతా రెంటికీ ప్లస్ మూడింట రెండేసి వంతులు, అవన్నీ కూడితే సరిగ్గా ప్లస్ ఒకటి. వేరే జాతి కణమైన ఎలక్ట్రాన్‌తో ఇంత కచ్చితంగా ఎలా సరిపోయిందో ఇప్పటికీ లోతైన ప్రశ్నే.

చలికాలంలో నైలాన్ చీర విప్పుతుంటే చిటపటలాడటం, ప్లాస్టిక్ దువ్వెన తలలో దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరి అతుక్కోవడం, ఇవన్నీ ఆ మహా లెక్కలో వచ్చే అతిచిన్న తేడాలు. దువ్వెన మీద చేరే ఆవేశం కూలుంబ్‌లో వంద కోట్లో వంతే అనుకున్నా, దానికి 624 కోట్ల ఎలక్ట్రాన్లు అదనంగా చేరాలి. వినడానికి పెద్దదే, కానీ దువ్వెనలో ఉన్నవాటితో పోలిస్తే గోదాట్లో చెంబెడు నీళ్ళు పోసినట్టే.

ఇక వైర్ల దగ్గరికి వస్తే మాటలు ఎక్కువ తికమక పెట్టేది ఇక్కడే, ఎందుకంటే నెగటివ్ అనే ఒక్క మాటని మూడు వేరే సంగతులకి వాడేస్తున్నారు. ఋణావేశం వేరు, నెగటివ్ వోల్టేజ్ వేరు, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వేరు. ఆవేశానికి సున్నా అంటే నిజంగా సున్నానే, ప్లస్సులూ మైనస్సులూ సమానం అని అర్థం. వోల్టేజికి అలాంటి సున్నా లేదు, ఎక్కడ సున్నా అనుకుంటే అక్కడే, కొండ ఎత్తుని సముద్రమట్టం నుంచి కొలిచినట్టు. కార్లో, బైకులో నెగటివ్ టెర్మినల్‌ని బాడీకి కలిపి దాన్నే సున్నా అనుకుంటారు. అందుకే తెలిసిన మెకానిక్ బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీస్తాడు, బిగించేటప్పుడు చివర్న పెడతాడు, లేకపోతే ప్లస్ నట్టు విప్పుతుంటే పానా బాడీకి తగిలిందంటే నేరుగా షార్ట్. పాత రోజుల్లో బ్రిటిష్ కార్లు చాలావాటికి ప్లస్సే బాడీకి ఉండేది, అవీ బాగానే నడిచాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఇప్పటికీ ప్లస్‌ని ఎర్త్ చేసి లైన్‌ని మైనస్ 48 వోల్టుల దగ్గర ఉంచుతారు, దానికో మంచి కారణం ఉంది: భూమిలో తడికి రాగి తీగ భూమి కంటే ప్లస్‌లో ఉంటే రాగి పరమాణువులు ధన అయాన్లుగా మారి మట్టిలోకి కరిగిపోతాయి, మైనస్‌లో ఉంచితే కరగవు, కేబుల్ ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇంట్లో వచ్చే కరెంటులో అయితే అసలు ప్లస్సూ మైనస్సూ లేవు. ఫేజ్, న్యూట్రల్ అంతే. వైరింగ్ పనివాళ్ళు కూడా కొందరు ప్లస్ వైరు మైనస్ వైరు అని అలవాటుగా అనేస్తుంటారు, అది నమ్మి మైనస్ వైరే కదా అని న్యూట్రల్ పట్టుకోవడం మాత్రం ప్రాణాలమీదికి తెస్తుంది, ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే దాన్లోనూ షాక్ కొడుతుంది. సెకనుకి 50 సార్లు దిశ మారి మళ్ళీ మొదటికొచ్చే కరెంటులో ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవు, ఉన్నచోటే ఊగుతుంటాయి. బ్యాటరీ నుంచి వచ్చినట్టు ఒకే దిశలో పోయే కరెంటులో (డీసీ) కూడా వాటి నడక నత్తకంటే ఘోరం, ఒక చదరపు మిల్లీమీటర్ రాగి తీగలో ఒక ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్లు గంటకి పాతిక సెంటీమీటర్ల చిల్లర జరుగుతాయి. స్విచ్ వేయగానే లైటు వెలిగేది అవి పరుగెత్తుకొచ్చి కాదు, తీగ పొడవునా క్షేత్రం వెంటనే పాకి అన్నీ ఒకేసారి కదలడం మొదలెట్టడం వల్ల.

బాణం తలకిందులుగా ఉందన్న బాధ వైర్లు దాటి బయటికొస్తే అసలు అర్థమే లేకుండా పోతుంది. ఉప్పునీళ్ళలో కరెంటు పోతుంటే సోడియం అయాన్లు ప్లస్‌తో ఒకవైపు, క్లోరైడ్ అయాన్లు మైనస్‌తో రెండోవైపు ఒకేసారి నడుస్తాయి, బాణం ఎటు గీసినా సగం మందికి ఎదురే. నికెల్ పూత పెట్టే తొట్టిలో వస్తువుని నెగటివ్ వైరుకి కట్టేది, నీళ్ళలో ఉన్న ధనావేశపు నికెల్ అయాన్లు అక్కడికే వచ్చి ఎలక్ట్రాన్లు పుచ్చుకుని లోహంగా మారి అతుక్కుంటాయి కాబట్టే.

తీగలో నడిచేది ప్లస్సా మైనస్సా అని బయటినుంచి చెప్పడం కుదురుతుందా అంటే కుదురుతుంది. 1879లో, ఎలక్ట్రాన్ కనిపెట్టడానికి 18 ఏళ్ళ ముందే, అమెరికాలో ఎడ్విన్ హాల్ అనే రీసెర్చ్ స్టూడెంట్ పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, దానికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెట్టాడు. ప్లస్‌లు ముందుకి నడుస్తున్నా, మైనస్‌లు వెనక్కి నడుస్తున్నా అయస్కాంతం రెంటినీ రేకు ఒకే అంచుకి నెడుతుంది, సో ఆ అంచు ప్లస్ అయిందా మైనస్ అయిందా చూస్తే నడిచేది ఎవరో తెలిసిపోతుంది. బంగారంలో మైనస్ అని వచ్చింది. ఇక్కడే కథ అయిపోతే బావుండేది, కానీ జింకులో, బెరీలియంలో ఇదే కొలిస్తే ప్లస్ వస్తుంది! అక్కడా కదిలేవి ఎలక్ట్రాన్లే, ప్రోటాన్లు కదలవు. కానీ దాదాపు నిండిపోయిన శక్తి పట్టీలో (లోహంలో ఎలక్ట్రాన్లు ఉండగలిగే శక్తుల వరసలో) ఎలక్ట్రాన్ లేని ఖాళీ, అచ్చం ధనావేశం ఉన్న కణంలాగే ప్రవర్తిస్తుంది. తిరుమల క్యూలో ముందు ఒక మనిషంత ఖాళీ వస్తే జనం ఒక్కొక్కరే ముందుకి జరుగుతారు, ఖాళీ మాత్రం వెనక్కి వెనక్కి పోతుంది, చూసేవాడికి కదులుతున్నది ఖాళీయే అనిపిస్తుంది. దీన్నే హోల్ అంటారు, ఫోన్లో ఉన్న ప్రతి చిప్పూ ఎలక్ట్రాన్లూ హోల్సూ రెండింటి మీదా నడుస్తుంది. క్యూ పోలిక పూర్తిగా సరిపోదు, అసలు వివరణ క్వాంటమ్ మెకానిక్స్ లేకుండా రాదు, అయినా దిశ అర్థం కావడానికి పనికొస్తుంది.

ఆకాశంలో ఋణావేశం సంగతి ఇంకా బావుంటుంది. ఉరుముల మబ్బులో పైకి లేచే చిన్న మంచు పలుకులు, కిందికి దిగే మెత్తటి వడగళ్ళ గింజలు గుద్దుకుని ఆవేశం పంచుకుంటాయి, మామూలుగా బరువైన గింజలు మైనస్ పట్టుకుని మబ్బు కింది భాగంలో ఉంటాయి. అందుకే నేలకి దిగే పిడుగుల్లో పదింట తొమ్మిది దాకా ఋణావేశాన్నే కిందికి దించుతాయి. ఇది కూడా మొదట కొలిచింది ఫ్రాంక్లినే. ఇంటి మీద ఇనుప కడ్డీ పెట్టి మబ్బుల ఆవేశం చూసి, ఎక్కువసార్లు మైనస్ అని 1753లో రాశాడు. ఆయన లెక్కలో మైనస్ అంటే లోటు కదా, లోటున్న మబ్బు భూమికి ఏం ఇవ్వగలదు, ఇచ్చేది భూమే అయి ఉండాలి. అందుకని చాలావరకు పిడుగులు మబ్బు నుంచి భూమ్మీద పడవు, భూమి నుంచి మబ్బులోకి కొడతాయి అని తేల్చాడు! పెట్టిన గుర్తుకి ఎంత నిజాయితీగా కట్టుబడ్డాడో చూడండి. ఇప్పుడు తెలిసింది ఏంటంటే ఎలక్ట్రాన్లు మబ్బు నుంచి మెట్లుమెట్లుగా కిందికే దిగుతాయి, నేల దగ్గర దారి కలిసిన క్షణంలో కళ్ళు బైర్లు కమ్మే అసలు మెరుపు మాత్రం కింద నుంచి పైకి పాకుతుంది. ఆయన చెప్పిన కారణం తప్పు, కానీ పైకి పోయేది ఒకటుందన్నది ఎందుకో కుదిరింది.

లోటు అనే పాత అర్థం నిజంగా సరిపోయే చోటు ఒకటి మన ఒంట్లోనే ఉంది. నరాల కణం లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు మైనస్‌లో ఉంటుంది. అక్కడికి ఎలక్ట్రాన్లు వచ్చి చేరలేదు. లోపల ఎక్కువగా ఉన్న పొటాషియం అయాన్లు ధనావేశంతో పొరలోని రంధ్రాల గుండా కొన్ని బయటికి జారిపోతాయి, వాటితో పాటు పోలేని పెద్ద ప్రోటీన్ల ఋణావేశం లోపల మిగిలిపోతుంది. వేలికి ముల్లు గుచ్చుకున్న కబురు మెదడుకి పోయేది సోడియం అయాన్లు లోపలికి దూకి ఆ లోటుని క్షణకాలం పూడ్చడం వల్లే.

గుర్తు ఒప్పందమే అన్నాం, ప్లస్‌నీ మైనస్‌నీ అన్నిచోట్లా తారుమారు చేస్తే తేడా తెలీదన్నాం. 1932లో ఆండర్సన్ కాస్మిక్ కిరణాల ఫోటోల్లో పాజిట్రాన్‌ని, అంటే ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నాక ఈ ఆలోచనకి ఇంకా బలం వచ్చింది, ఎలక్ట్రాన్ గురించి డిరాక్ అనే శాస్త్రవేత్త రాసిన సమీకరణం ముందే దాన్ని చెప్పింది కూడా. మరి ఎక్కడో వేరే గెలాక్సీలో తెలివైన జీవులుంటే, వాళ్ళకి ఒక్క వస్తువూ పంపకుండా, మాటలతో మాత్రమే, మా పరమాణువుల్లో బయట తిరిగేది ఋణావేశం, మీ దగ్గర తిరిగేది కూడా అదేనా అని అడగ్గలమా? వాళ్ళది మొత్తం యాంటీమాటర్, అంటే పాజిట్రాన్ లాంటి ఆవేశం తారుమారైన కణాలతో చేసిన పదార్థం అయితే వాళ్ళ దగ్గర బయట తిరిగేది పాజిట్రాన్, కానీ వాళ్ళ కెమిస్ట్రీ, వాళ్ళ మోటార్లు అచ్చం మనలాగే ఉంటాయి. విద్యుత్తు, అయస్కాంతత్వం ఎంత వాడినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు.

జవాబు ఇంకోచోట దొరికింది. 1964లో క్రోనిన్, ఫిచ్ బృందం న్యూట్రల్ కేయాన్లు అనే ఆవేశం లేని కణాల్లో ప్రకృతి మాటర్‌నీ యాంటీమాటర్‌నీ సరిసమానంగా చూడట్లేదని కనిపెట్టింది. 1967లో ఇంకో కొలత వచ్చింది: ఎక్కువకాలం బతికే కేయాన్ విచ్ఛిన్నమైనప్పుడు కొన్నిసార్లు ఎలక్ట్రాన్, కొన్నిసార్లు పాజిట్రాన్ వస్తుంది, రెండూ సగంసగం రావాలి, కానీ రావు. ఇలాంటివి వెయ్యి లెక్కపెడితే పాజిట్రాన్లు సుమారు మూడు ఎక్కువ ఉంటాయి. సో వాళ్ళకి ఇలా కబురు పంపొచ్చు: ఆ కేయాన్లని తయారుచేసి లెక్కపెట్టండి, రెంటిలో ఏది కొంచెం తక్కువసార్లు వస్తుందో చూడండి, ఆ తక్కువ వచ్చేదాన్నే మేం ఋణావేశం అంటున్నాం, మా ఒంట్లో ప్రతి పరమాణువు చుట్టూ తిరిగేది అదే.